స్తంభం బలం లేసింగ్ పట్టీలో ఉంది

రెండు ప్లాస్టిక్ స్కేళ్లు తీసుకోండి. ఒకదాన్ని బల్ల మీద నిలువుగా పెట్టి పైనుంచి అరచేత్తో నొక్కితే అది నలగదు, విల్లులా పక్కకు వంగుతుంది. రెండో స్కేలును దానికి ఆనించి రెండింటినీ కలిపి నొక్కండి. ఈసారి రెట్టింపు బలం పడుతుంది, అంతే. ఇప్పుడు ఆ జంటను రెండు చేతులతో పట్టుకుని వంచి, చివర్ల వైపు చూడండి. ఒక స్కేలు కొద్దిగా ముందుకు, ఇంకొకటి వెనక్కు జరిగి కనిపిస్తాయి. పక్కపక్కనే ఉన్నా ఎవరికి వారే యమునా తీరే. చివరగా రెండింటి మధ్య నాలుగైదు చోట్ల గట్టి చెక్క ముక్కలు పెట్టి జిగురుతో బిగించండి. ఇక మీ అరచేయి నొప్పి పుడుతుంది కానీ స్కేళ్లు అంత తేలిగ్గా వంగవు.

బిల్టప్ కాలమ్ కథంతా చెక్క ముక్కలతో బిగించిన ఈ స్కేళ్ల జంటలో ఉంది. రెండు ఛానళ్లో (సి ఆకారపు ఉక్కు కడ్డీలు), నాలుగు యాంగిళ్లో (ఎల్ ఆకారపువి) దూరంగా నిలబెట్టి, వాటి మధ్య ఏటవాలు పట్టీలు (లేసింగ్) గానీ, అడ్డ ప్లేట్లు (బ్యాటెన్లు) గానీ కలిపి చేసిన ఉక్కు స్తంభాన్ని బిల్టప్ కాలమ్ అంటాం. భారీ క్రేన్లు తిరిగే ఫ్యాక్టరీ షెడ్లలో, పాత రైలు వంతెనల్లో, టవర్లలో, క్రేన్ల బూమ్‌లలో ఇవి కనిపిస్తాయి. చూసేవాళ్ల కళ్లు సహజంగానే పెద్ద ఛానళ్ల మీదికి పోతాయి. నేను మాత్రం ఇలాంటి కాలమ్ డ్రాయింగ్ చేతికి రాగానే ముందు లేసింగ్ డీటెయిల్ దగ్గరకు వెళ్తాను. ఎందుకో లెక్కలతోనే చెబుతాను.

దూరం ఇచ్చే బలం

సన్నటి స్తంభం ఎంత బరువు దగ్గర పక్కకు వంగిపోతుందో 1744లో లియోన్‌హార్డ్ ఆయిలర్ చెప్పాడు. ఆయన సూత్రంలో ఉక్కు ఎంత గట్టిదన్న ప్రశ్నే లేదు. అది ఎంత బిగువైనది (ఎలాస్టిసిటీ), ఎంత పొడవు ఉంది, దాని ముక్క ఆకారానికి వంపును అడ్డుకునే గుణం, అంటే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా, ఎంత ఉంది, ఈ మూడే ఉంటాయి. పొడవు రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇనర్షియా పెరిగితే బలం అదే లెక్కన పెరుగుతుంది.

ఇనర్షియా పెంచడానికి ఎక్కువ ఉక్కు వాడక్కర్లేదు. ఉన్న ఉక్కును మధ్య గీత నుంచి దూరంగా జరిపితే చాలు. దూరం వర్గంలో లెక్కకు వస్తుంది కాబట్టి రెట్టింపు దూరం దాదాపు నాలుగు రెట్ల ఇనర్షియా ఇస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం, ఇదే చివరి దాకా వాడుకుందాం. 200 మి.మీ. లోతు ఛానళ్లు రెండు. ఒక్కోదాని కోత వైశాల్యం 28 చదరపు సెం.మీ., మీటరుకు 22 కిలోల బరువు. కాలమ్ ఎత్తు 10 మీటర్లు. రెండు చివరలూ తలుపు మడతబందులా తిరగగలవనుకుందాం. ఛానళ్లకు బలమైన దిశలో మధ్యలో ఎక్కడో బ్రేసింగ్ కట్టు ఉంది, కాబట్టి అటు వంగే భయం లేదు. మనం చూసేది రెండో దిశ, ఛానల్ తన బలహీనమైన వైపుకు వంగే దిశ.

ఏ కలయికా లేకుండా పక్కపక్కన నిలబెడితే రెండూ కలిసి మోసే ఆయిలర్ బరువు 55 కిలోన్యూటన్లు, అంటే అయిదున్నర టన్నులు. వీపులు ఆనించి పొడవునా వెల్డ్ చేస్తే 109 కిలోన్యూటన్లు. అదే ఛానళ్లను వాటి కేంద్రాల మధ్య 18 సెం.మీ. దూరం ఉండేలా నిలబెట్టి, రెండూ ఒకే శరీరంలా పనిచేసేలా చేయగలిగితే 950 కిలోన్యూటన్లు. ఛానళ్ల ఉక్కు ఒక్క గ్రాము పెరగలేదు, బలం మాత్రం 17 రెట్లు.

ఆ "చేయగలిగితే" అన్న మాట దగ్గరే అసలు పని ఉంది. 55కీ 950కీ మధ్య ఉన్న తేడా మొత్తానికీ పూచీ పడేది లేసింగ్. బరువు మోసే లెక్కలో దాని వైశాల్యం సున్నా, ఎవరూ దాన్ని కలపరు. అది తప్పుకుంటే మాత్రం 950 కాగితం మీద మిగిలి, నిజంలో 55 వైపుకు జారిపోతాం.

నిలువు బరువుకు అడ్డబలం ఎక్కడిది?

విద్యార్థిగా ఉన్నప్పుడు నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న ఇది. కాలమ్ నిలువుగా ఉంది, బరువు నిలువుగా దిగుతోంది. మరి పక్కకు తోసే బలం ఏదీ లేనప్పుడు ఏటవాలు పట్టీలకు పనేముంది?

జవాబు ఏమిటంటే, ఖచ్చితంగా నిటారుగా ఉండే స్తంభం లోకంలో లేదు. రోలింగ్‌లో కొంత, వెల్డింగ్ వేడికి కొంత, నిలబెట్టేటప్పుడు కొంత వంపు వస్తుంది. ఈ లోపాలన్నిటికీ బదులుగా ఐరోపా దేశాల నిర్మాణ కోడ్ అయిన యూరోకోడ్, పొడవులో 500వ వంతు వంపు ముందే ఉందనుకుని లెక్క వేయమంటుంది. మన కాలమ్‌కు అది మధ్యలో 20 మి.మీ. ఇప్పుడు బరువు పెట్టండి. బరువు ఆ వంపు మీద నొక్కి వంపును పెంచుతుంది. పెరిగిన వంపు వల్ల అదే బరువు ఇంకా ఎక్కువ వంచుతుంది. చక్రవడ్డీ లాంటి వరస ఇది. మొదట్లో ఎదుగుదల కనిపించదు, చివర్లో పట్టుకోలేం.

అంకెల్లో చూస్తే, 500 కిలోన్యూటన్ల దగ్గర మధ్య వంపు 20 నుంచి 43 మి.మీ.కు చేరుతుంది. 700 దగ్గర 81 మి.మీ. బరువు 40 శాతం పెరిగితే వంపు దాదాపు రెట్టింపైంది.

వంగిన కాలమ్ చివర్ల దగ్గర నిటారుగా ఉండదు, ఒరిగి ఉంటుంది. 81 మి.మీ. వంపుకు ఆ ఒరుగు మీటరుకు 25 మి.మీ. బరువు నిలువుగా దిగుతున్నా, స్తంభం గీత వాలిపోయింది కాబట్టి ఆ బరువులో నలభయ్యో వంతు స్తంభానికి అడ్డంగా పడుతుంది. 700 కిలోన్యూటన్లలో 2.5 శాతం, అంటే 17.8 కిలోన్యూటన్ల అడ్డబలం. ఇదే షీర్. దీన్ని ఒక ఛానల్ నుంచి ఇంకో ఛానల్‌కు దాటించేది లేసింగ్.

మన దేశపు ఉక్కు కోడ్ ఐఎస్ 800 తెలిసినవాళ్లకు ఆ 2.5 శాతం పాత చుట్టమే. లేసింగ్‌ను కాలమ్ బరువులో కనీసం 2.5 శాతం అడ్డబలానికి డిజైన్ చేయమని 2007 నాటి కూర్పు చెబుతుంది. అమెరికన్ కోడ్ 2 శాతం అంటుంది. ఎవరో గాలిలోంచి తీసిన అంకె అనుకునేవాళ్లున్నారు. కానీ పైన చూసినట్టు, విరిగే దశకు దగ్గరైన కాలమ్ చివర ఒరుగును కొలిస్తే దాదాపు అదే వస్తుంది.

నిజంగానే ఆ దశకు దగ్గరగా ఉన్నామా? చూడండి. 700 దగ్గర ఒక్కో ఛానల్‌కు నేరుగా సగం, అంటే 350 వస్తుంది. వంపు వల్ల లోపలి వైపు ఛానల్ మీద ఇంకో 314 పడుతుంది. మొత్తం 664 కిలోన్యూటన్లు. చదరపు మి.మీ.కు 237 న్యూటన్లు. సాధారణ ఉక్కు 250 దగ్గర లొంగిపోతుంది. అంటే ఈ కాలమ్ అసలు సత్తా 710, 720 ప్రాంతంలో ముగుస్తుంది. ఆయిలర్ 950 అన్నాడు, ఉక్కును నలగ్గొట్టాలంటే 1400 కావాలి, మనకు దక్కేది ఈ రెండిటి కన్నా తక్కువ. ఆయిలర్ అంకెను నేరుగా బలం అనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

ఇక ఆ 17.8 కిలోన్యూటన్లను పట్టీల్లో పంచుదాం. ముందు వైపు ఒక వరస, వెనక వైపు ఒక వరస పట్టీలున్నాయి. 45 డిగ్రీల వాలుతో ఉంటే ఒక్కో పట్టీకి వచ్చే బలం 12.6 కిలోన్యూటన్లు, దాదాపు 1.3 టన్నులు. 50 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. మందం ఉన్న ఫ్లాట్‌కు (చదునైన ఉక్కు పట్టీకి) ఇది పెద్ద బరువేమీ కాదు. లేసింగ్‌ను చిన్నచూపు చూడటం సరిగ్గా ఇక్కడ మొదలవుతుంది. అయితే ఆ ఫ్లాట్ కూడా ఒక చిన్న స్తంభమే. కాలమ్ ఎటు వంగుతుందో ముందే తెలియదు కాబట్టి ప్రతి పట్టీ లాగుడుకూ నొక్కుడుకూ రెండింటికీ సిద్ధంగా ఉండాలి. 8 మి.మీ. మందం ఉన్న ఫ్లాట్ నొక్కుడులో తానే బక్లింగ్ అవ్వచ్చు, అంటే పక్కకు వంగిపోవచ్చు. అందుకే దాని స్లెండర్‌నెస్ (మందంతో పోలిస్తే ఎంత పొడవుగా, సన్నగా ఉందో చెప్పే అంకె) 145 దాటకూడదనీ, ఒంటి లేసింగ్ అయితే మందం పొడవులో నలభయ్యో వంతు కన్నా తగ్గకూడదనీ, వాలు 40 నుంచి 70 డిగ్రీల మధ్యే ఉండాలనీ కోడ్ నియమాలు పెట్టింది.

ఎంగెసర్ పట్టుకున్న లోటు

లేసింగ్ తెగకుండా ఉంటే సరిపోదు. అది ఎంత సాగుతుందన్నది కూడా ముఖ్యమే. పట్టీ కొద్దిగా సాగినా రెండు ఛానళ్లూ ఒకదానితో ఒకటి కొద్దిగా జారతాయి. ఆ మేరకు "ఒకే శరీరం" అన్న మాట అబద్ధమవుతుంది. 1891లో జర్మన్ ఇంజనీరు ఫ్రెడ్రిక్ ఎంగెసర్ దీనికి లెక్క కట్టాడు. ఆయిలర్ బరువును ఆ కాలమ్ షీర్ బిగువుతో (అడ్డబలానికి జారకుండా నిలిచే గుణంతో) భాగించి, దానికి ఒకటి కలిపి, వచ్చినదానితో ఆయిలర్ బరువును భాగించాలి. పట్టీలు ఎంత మెత్తనైతే బలం అంత తగ్గుతుంది.

మన కాలమ్‌లో ఆ ఫ్లాట్ లేసింగ్‌తో తగ్గేది 2 శాతం లోపే. 950 దాదాపు 930 అవుతుంది. వంపు లెక్కలకు పైన నేను వాడిన అంకె ఇదే.

లేసింగ్ బదులు మీటరుకొక బ్యాటెన్ పెడితే పరిస్థితి వేరు. ఏటవాలు పట్టీ లేదు కాబట్టి షీర్‌ను మోయడానికి రెండు బ్యాటెన్ల మధ్య ఛానల్ తానే నిచ్చెన కాలులా వంగాలి. ఏటవాలు పట్టీ సాగడం కన్నా ఛానల్ వంగడం చాలా తేలిక. బ్యాటెన్లు ఎంత మందంగా పెట్టినా ఈ కాలమ్ దాదాపు 15 శాతం నష్టపోతుంది, 810 దగ్గర ఆగుతుంది. బ్యాటెన్ల దూరం మీటరున్నర చేస్తే నష్టం 28 శాతం. అందుకే బ్యాటెన్ల మధ్య ఒక్క ఛానల్ స్లెండర్‌నెస్ 50 దాటకూడదన్న నియమం వచ్చింది. మీటరు దూరానికి అది 45, మీటరున్నరకు 67.

ఐఎస్ 800 ఎంగెసర్ సూత్రాన్ని నేరుగా అడగదు. లేసింగ్ కాలమ్ అయితే స్లెండర్‌నెస్‌ను 5 శాతం, బ్యాటెన్ కాలమ్ అయితే 10 శాతం పెంచి లెక్క వేయమంటుంది. స్లెండర్‌నెస్ 10 శాతం పెరగడం అంటే ఆయిలర్ బరువులో 17 శాతం కోత. మనకు లెక్కలో వచ్చిన 15కు ఇది దగ్గరగానే ఉంది. లేసింగ్‌కు 9 శాతం కోత పడుతుంది, లెక్కలో రెండే వచ్చింది. అయినా ఆ మార్జిన్ ఉండాల్సిందే అంటాను. పట్టీని బోల్టుతో బిగిస్తే బోల్టుకూ రంధ్రానికీ మధ్య మి.మీ., రెండు మి.మీ. సందు ఉంటుంది. ఆ సందు మూసుకునే దాకా పట్టీ ఏ పనీ చేయదు. లెక్కలోని పట్టీకి ఆ సందు తెలియదు. ఇంత కాలమ్‌కు లేసింగ్ వెల్డింగ్‌తోనో, గట్టిగా బిగించి జారకుండా చేసిన బోల్టులతోనో ఉంటేనే నాకు మనసు కుదుటపడుతుంది.

మధ్యలో ఒకే బోల్టు

ట్రస్సుల్లో (త్రికోణాలుగా అల్లిన ఉక్కు చట్రాల్లో) రెండు యాంగిళ్లు వీపులు ఆనించి, చివర్లలో గసెట్ ప్లేటుకు (కూడలిలో అన్నిటినీ కలిపే పలకకు) కట్టి, నడుమ ఒక్క బోల్టు వేసి వదిలేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. మధ్యలో కదా పొట్ట ఉబ్బేది, అక్కడ కట్టేశాం కదా అన్నది దాని వెనకున్న ఆలోచన. ఇది తప్పు, కానీ చాలా సహజమైన తప్పు.

స్కేళ్ల దగ్గరకు తిరిగి వెళ్లండి. వంచినప్పుడు రెండింటి మధ్య జారుడు చివర్లలో ఎక్కువగా ఉంది. సరిగ్గా నడుమ అసలు లేదు, అక్కడ రెండూ ఒకేచోట ఉన్నాయి. జారని చోట కట్టే బోల్టు దేన్ని ఆపుతుంది? రెండు యాంగిళ్లూ ఒకే వైపుకు కలిసి వంగేటప్పుడు ఆ నడిమి బోల్టు వాటితో పాటే ప్రయాణిస్తుంది. రెండూ ఒకటిగా పనిచేయడానికి దాని వల్ల ఒరిగేది ఏమీ లేదు. అందుకే ఐఎస్ 800 ఆ జంట పొడవును కనీసం మూడు భాగాలుగా విడగొట్టమంటుంది. అప్పుడు బోల్టులు మూడో వంతు దగ్గర, జారుడు ఉన్న చోట పడతాయి. చివరి కట్టు జారకుండా, అంటే వెల్డింగ్‌తో గానీ బిగించిన బోల్టులతో గానీ ఉండాలని అమెరికన్ కోడ్ పట్టుబట్టడం కూడా ఇందుకే. అదే కోడ్‌లో మామూలు బిగింపు బోల్టులతో కట్టిన జంటకు మొత్తం స్లెండర్‌నెస్ 90, బోల్టుల మధ్య ఒక్క యాంగిల్‌ది 50 అయితే, రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. 103 వస్తుంది. వెల్డ్ చేస్తే 93 దగ్గరే ఆగుతుంది. ఉక్కు అదే, పొడవు అదే, తేడా కట్టులోనే.

1907, ఆగస్టు

కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద క్యుబెక్ దగ్గర వంతెన కడుతున్నారు. 1800 అడుగుల ప్రధాన స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం), అంటే 549 మీటర్లు. మొదట 1600 అడుగులనుకున్నారు, తర్వాత పెంచారు. స్పాన్ పెంచినప్పుడు వంతెన సొంత బరువును మళ్లీ సరిగా లెక్కించలేదు. ఆ సంగతి తెలిసేసరికి ఉక్కు చాలావరకు తయారైపోయింది. ఒత్తిడి అనుకున్నదానికన్నా ఎక్కువేనని తెలిసీ సరిపెట్టుకున్నారు.

కింది నొక్కుడు సభ్యాలు, అంటే వంతెన చట్రం అడుగున నొక్కుడును మోసే భాగాలు, ఒక్కోటీ నాలుగు నిలువు ఉక్కు పలకల వరసలు. వాటిని కలిపేది లేసింగ్ యాంగిళ్లు. పలకలు మనిషి నడుము దాటే ఎత్తున్నాయి, లేసింగ్ మాత్రం వాటి ముందు పీలగా ఉంది. ఆగస్టులో ఆ పలకలు వరస తప్పుతున్నట్టు సైట్‌లో గమనించారు. వంతెన పొడవులో తొమ్మిదో ప్యానెల్‌ (గడి)లోని ఒక సభ్యంలో ముప్పావు అంగుళం ఉన్న వంపు, 27న కొలిస్తే రెండుంపావు అంగుళాలు ఉంది. 19 మి.మీ. నుంచి 57 మి.మీ. పైన మనం చూసిన చక్రవడ్డీ ఇదే. తయారీలోనే ఆ వంపు ఉందేమో అని వాదన నడిచింది. సైట్ ఇంజనీరు నార్మన్ మెక్‌లూర్ న్యూయార్క్ వెళ్లి కన్సల్టింగ్ ఇంజనీరు థియొడోర్ కూపర్‌ను కలిశాడు. ఇక బరువు పెంచవద్దని 29న కూపర్ టెలిగ్రామ్ ఇచ్చాడు, కానీ అది వెళ్లింది పెన్సిల్వేనియాలోని ఫ్యాబ్రికేషన్ కంపెనీకి. నది దగ్గర పని ఆగలేదు. ఆ సాయంత్రం అయిదున్నర దాటాక వంతెన దక్షిణ భాగం మొత్తం నదిలోకి కూలింది. దాని మీదున్న 86 మందిలో 75 మంది చనిపోయారు.

విచారణ కమిషన్ మొదటి కారణంగా చూపింది ఆ తొమ్మిదో ప్యానెల్‌లోని కింది సభ్యాల జంటను. వాటి లేసింగ్ చాలలేదు. సభ్యం నమూనా చేసి పరీక్షించినప్పుడు కూడా లేసింగ్ రివెట్లే తెగాయి. పలకలు ఉక్కుగా చాలినంత బలంగానే ఉన్నాయి, ఒకటిగా నిలబడలేకపోయాయి. ఎంగెసర్ సూత్రం అచ్చయి అప్పటికి 16 ఏళ్లు. అయినా లేసింగ్ చిన్న కాలమ్‌ల అలవాటు ప్రకారం, కంటి అంచనాతో సాగుతూ వచ్చింది. ఆ అలవాటు అంత పెద్ద సభ్యానికి సరిపోతుందా అని పరీక్ష జరిగింది వంతెన కూలాకే. ఆ 75 మంది గుర్తొస్తే లేసింగ్ డ్రాయింగ్‌ను తేలిగ్గా తిప్పేయలేను.

కోసేసిన పట్టీలు

కొన్నేళ్ల కిందట ఒక షెడ్డు పరిశీలనకు వెళ్లాను. ఒక లేసింగ్ కాలమ్‌లో నేల నుంచి మనిషెత్తున రెండు వైపులా రెండేసి పట్టీలు గ్యాస్ కట్టర్‌తో కోసి, ఆ సందులోంచి కేబుల్ ట్రే లాగారు. ట్రే చక్కగా రంగు వేసి ఉంది. కోత అంచులు మాత్రం తుప్పు పట్టి ఉన్నాయి. "ఛానళ్లను ముట్టుకోలేదు సార్, చిన్న పట్టీలే తీశాం" అన్నాడు అక్కడి సూపర్‌వైజర్ నమ్మకంగా. అతని మాటలో కపటం లేదు. బరువు మోసేవి ఛానళ్లే అని అతనికి ఎవరో నేర్పారు, అది సగం నిజం.

ఆ ఎత్తులో షీర్‌ను దాటించడానికి ఏటవాలు పట్టీ లేదు. పైగా అది కాలమ్ చివరకు దగ్గర, షీర్ ఎక్కువగా ఉండే చోటు. పట్టీలు లేని ఆ సందులో రెండు ఛానళ్లూ బ్యాటెన్ కాలమ్‌లో లాగా వంగి షీర్ మోయాలి, కానీ అలా మోయడానికి సందు పైనా కిందా గట్టి బ్యాటెన్లు లేవు. క్రేన్ పూర్తి బరువుతో ఎప్పుడూ తిరగలేదు కాబట్టి కాలమ్ నిలబడి ఉంది. నిట్టనిలువు దారం వేలాడదీసి కొలిస్తే ఆ చోట ఒక ఛానల్ 6 మి.మీ. బయటికి వచ్చింది. అది మొదటి నుంచీ ఉన్నదో, కోశాక వచ్చిందో చెప్పే పాత కొలత ఎవరి దగ్గరా లేదు.

ఆ సాయంత్రమే క్రేన్ ఆపించాం. సందు పైనా కిందా రెండు వైపులా మందమైన బ్యాటెన్ ప్లేట్లు వెల్డ్ చేసి, ట్రేను కాలమ్ పక్కనుంచి తిప్పి, కోసిన పట్టీల స్థానంలో కొత్తవి వేశారు. ఛానల్ మీద నాలుగు ఎత్తుల్లో పంచ్ గుర్తులు పెట్టి, దారానికీ గుర్తుకూ మధ్య దూరాలు రాసి, తేదీతో సహా ఆ కాగితాన్ని డ్రాయింగ్ ఫైల్లో పెట్టించాను.